స్విచ్ లాక్ అయితే ఉప్పల్ నుంచి గచ్చిబౌలి పరిగెత్తాల్సిందేనా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక మధ్య తరహా కంపెనీ. గచ్చిబౌలి వైపు ఒక కో-లొకేషన్ డేటా సెంటర్‌లో (పలు కంపెనీలు స్థలం అద్దెకు తీసుకుని తమ పరికరాలు పెట్టుకునే చోట) మాకు రెండు ర్యాకులున్నాయి. నెట్‌వర్క్ చూసేది నేనూ, ఇంకో జూనియర్ కుర్రాడూ. పోయిన నెల అర్ధరాత్రి చేంజ్ విండోలో ఇంటి నుంచి కోర్ స్విచ్ (మా నెట్‌వర్క్‌కి నడిబొడ్డున ఉన్న స్విచ్) ట్రంక్ పోర్ట్ మీద, అంటే చాలా వీలాన్లను ఒకే తీగ మీద మోసే పోర్ట్ మీద, కొత్త వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన ఉప-నెట్‌వర్క్) కలుపుతూ, 'అలౌడ్ వీలాన్' కమాండ్‌లో 'యాడ్' అనే మాట వదిలేశాను. పాత వీలాన్లన్నీ ఎగిరిపోయాయి, మేనేజ్‌మెంట్ వీలాన్‌తో సహా. మా వీపీఎన్ (బయటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) కూడా ఆ ట్రంక్ గుండానే వస్తుంది కాబట్టి నా సెషన్ అక్కడికక్కడే బిగుసుకుపోయింది. ఉప్పల్ నుంచి క్యాబ్ పట్టుకుని వెళ్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేశారు. యాక్సెస్ రిక్వెస్ట్ కంపెనీ మెయిల్ నుంచే రావాలట. మా మెయిల్ సర్వర్ ఉన్నది ఆ ర్యాకులోనే! మేనేజర్ గారిని నిద్ర లేపి, ఆయన వాళ్ళ పైవాళ్ళతో మాట్లాడి, నన్ను లోపలికి పంపేసరికి మూడు గంటలు పోయింది. సరిచేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు ఔట్ ఆఫ్ బ్యాండ్ యాక్సెస్ (మామూలు దారి తెగినా స్విచ్‌ని అందుకునే విడి దారి) పెడదామంటే మేనేజర్ గారు "వీపీఎన్ ఉంది, రిమోట్ హ్యాండ్స్ ఉన్నారు, మళ్ళీ ఇంకో లైన్ దేనికయ్యా?" అంటున్నారు. సెక్యూరిటీ చూసే ఆయన "అది దొంగలకి తలుపు తీసిపెట్టడమే" అంటున్నారు. నా దగ్గర ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), పాత 3జీ డాంగిల్ ఉన్నాయి. వాటితో సరిపెట్టొచ్చా? పేరు వేయకండి సార్.

— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ట్రంక్ మీద 'యాడ్' మర్చిపోయిన నెట్‌వర్క్ ఇంజనీర్లందరినీ పిలిస్తే ఎల్బీ స్టేడియం సరిపోదు. దాని గురించి ఇక బాధపడకండి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది గేటు దగ్గర జరిగిన సంగతి. ట్రంక్ పోతే మెయిల్ పోయింది, మెయిల్ పోతే గేటు మూసుకుంది. మీ మేనేజర్ గారు చెప్తున్న రిమోట్ హ్యాండ్స్‌కి, అంటే మన తరఫున ర్యాకు దగ్గర పని చేసిపెట్టే డేటా సెంటర్ సిబ్బందికి, టికెట్ వేయాలన్నా చాలా డేటా సెంటర్లలో అదే అధీకృత మెయిల్ కావాలి. అంటే ఆయన లెక్కలో ఉన్న రెండు దారులూ, వీపీఎన్, రిమోట్ హ్యాండ్స్, ఆ ఒక్క ట్రంక్ మీదే వేలాడుతున్నాయి. ఈ మాట ఆయనకు చెప్పి చూడండి. సగం వాదన అక్కడే తేలిపోతుంది.

పరికరాల జోలికి వెళ్ళే ముందు పైసా ఖర్చు లేని సంగతి ఒకటి. ఆ రాత్రి కాన్ఫిగ్ సేవ్ చేశారా? సెషన్ వెంటనే బిగుసుకుపోయిందంటే చేసి ఉండరు. అలాంటప్పుడు స్టార్టప్ కాన్ఫిగ్ (బూట్ అయ్యేటప్పుడు స్విచ్ చదువుకునేది) ఇంకా పాతదే. ఆ స్విచ్ మీద అప్పటికి బతికి ఉన్నవేమిటో చూసుకుని, టికెట్ వేసే వీలు దొరికి ఉంటే రిమోట్ హ్యాండ్స్ మనిషి చేత రెండు పవర్ కార్డులూ పీకించి మళ్ళీ పెట్టిస్తే, బూట్ అయ్యాక అన్నీ యథాతథంగా వచ్చేవి. ఈ పని మనిషితో అవసరం లేకుండా స్విచ్చే తనంతట తాను చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. సిస్కో స్విచ్ అయితే ప్రమాదం ఉన్న మార్పుకు ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టండి. మార్పు బాగానే ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్'. మీరు తెగిపోయి క్యాన్సిల్ చేయలేకపోతే పది నిమిషాలకు స్విచ్ రీబూటై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. క్యాన్సిల్ చేయడం మర్చిపోతే మాత్రం బాగున్న స్విచ్ కూడా పడుకుంటుంది, అందుకే ఫోన్‌లో అలారం పెట్టుకుని చేయాలి. ఆర్కైవ్ ఏర్పాటు చేసుకుని ఉంటే రీబూట్ లేకుండానే కాన్ఫిగ్‌ను వెనక్కి తిప్పే 'రివర్ట్ టైమర్' కూడా సిస్కో ఓఎస్ అయిన ఐఓఎస్‌లో ఉంది. జూనిపర్‌లో ఇది ఇంకా మర్యాదగా ఉంటుంది: 'కమిట్ కన్‌ఫర్మ్‌డ్' అంటే చాలు, మామూలుగా పది నిమిషాల్లో మీరు మళ్ళీ కమిట్ చేయకపోతే పాత కాన్ఫిగ్ అదే వచ్చేస్తుంది. ఔట్ ఆఫ్ బ్యాండ్ పెట్టినా పెట్టకపోయినా ఇవి రేపటి నుంచే అలవాటు చేసుకోండి. మీ జూనియర్‌కి కూడా.

ఇక అసలు విషయం. మనం రోజూ స్విచ్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్ళేది ఆ స్విచ్ మోస్తున్న ట్రాఫిక్ దారి మీదనే. ఆ దారి తెగిన రోజున కూడా స్విచ్‌ని అందుకోగలిగే వేరే దారి ఔట్ ఆఫ్ బ్యాండ్. చాలామంది దీన్ని ఒక డబ్బా అనుకుంటారు. 4జీ మోడెమ్ ఉన్న కన్సోల్ సర్వర్ (పరికరాల కన్సోల్ పోర్టుల దాకా దూరం నుంచి చేర్చే పరికరం) ఒకటి కొని ర్యాకులో బిగించి పని అయిపోయిందంటారు. కానీ ఆ దారి పొడవునా ఏయే మెట్లున్నాయో, వాటిలో ఏ ఒక్కటైనా మీరు బాగుచేయబోయే వస్తువు మీదే ఆధారపడి ఉందేమో చూడకపోతే అవసరం పడిన రోజున అది కూడా మీతోపాటే పడిపోతుంది.

ఇది చిన్న కంపెనీలకే జరిగేది కాదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆరు గంటల పాటు పోవడం మీకు గుర్తుండే ఉంటుంది. బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్క్) సామర్థ్యం ఎంతుందో చూసుకునేందుకు మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ డేటా సెంటర్ల మధ్య లింకులన్నిటినీ పడేసింది. అలాంటి కమాండ్‌ను ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్ ఉండి ఆపలేదు. బ్యాక్‌బోన్ కనపడక డీఎన్‌ఎస్ సర్వర్లు (పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చేవి) తమ బీజీపీ ప్రకటనలను, అంటే తమ దాకా వచ్చే దారి ఏదో ఇంటర్నెట్‌కి చెప్పే ప్రకటనలను, విరమించుకోవడంతో ఆ పేర్లే ఇంటర్నెట్‌లో కనిపించకుండా పోయాయి. ఔట్ ఆఫ్ బ్యాండ్ వాళ్ళకు లేక కాదు. మామూలు దారితో పాటు అది కూడా పనిచేయలేదని ఆ కంపెనీయే తర్వాత చెప్పింది. చివరికి ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్తే, అక్కడి కట్టుదిట్టమైన భద్రత దాటి పరికరాల దాకా చేరడానికి మళ్ళీ సమయం పట్టింది. గేటు దగ్గర మీ పరిస్థితే, కాకపోతే ప్రపంచమంతా చూస్తుండగా.

ఇంకోటి కెనడాది. 2022 జూలై 8న రోజర్స్ అనే టెలికాం కంపెనీలో ఒక రూటింగ్ ఫిల్టర్ తీసేయడంతో కోర్ రూటర్ల మీద రూట్లు వరదలా వచ్చి పడి అవి కూలిపోయాయి. 1.2 కోట్లకు పైగా వినియోగదారులకు ఫోను, ఇంటర్నెట్ పోయాయి. రూటర్లలోకి వెళ్ళి చూద్దామంటే వాళ్ళ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ నడిచేది ఆ కోర్ మీదే. ఏమైందో కనిపెట్టడానికే గంటలకు గంటలు పోయాయి. కెనడా టెలికాం నియంత్రణ సంస్థ చేయించిన స్వతంత్ర సమీక్ష కూడా ఈ లోపాన్నే ఎత్తి చూపింది.

కాబట్టి ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ దగ్గర మొదలుపెట్టి కోర్ స్విచ్ కన్సోల్ పోర్ట్ దాకా గీత గీయండి. దారిలో తగిలే ప్రతిదాని దగ్గరా ఆగి, "కోర్ స్విచ్ చచ్చిపోతే ఇది బతుకుతుందా?" అని అడగండి.

మొదట మీ ఇల్లు. 2025 ఆగస్టులో మీ పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, విద్యుత్ స్తంభాల మీది కేబుళ్ళను కోసేయడం మొదలుపెట్టారు. నగరంలో చాలా ఇళ్ళకు ఇంటర్నెట్ పోయింది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఉందన్న ధీమా వద్దు. ఫోన్ హాట్‌స్పాట్ నుంచి కూడా లోపలికి వెళ్ళగలగాలి.

తర్వాత టన్నెల్. రాస్ప్‌బెర్రీ పై నుంచి బయటికి వేసే వీపీఎన్ టన్నెల్ ఎక్కడ ముగుస్తుంది? ఆఫీస్ ఫైర్‌వాల్ మీద అంటారేమో. ఆ ఫైర్‌వాల్ ఆ రెండు ర్యాకుల్లోనే ఉంటే మీరు గుండ్రంగా తిరిగి అక్కడికే వచ్చారు. క్లౌడ్‌లో చిన్న లినక్స్ మెషీన్ ఒకటి తీసుకుని దాని మీద ముగించండి. ఏడబ్ల్యూఎస్‌కి 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది కానీ ఈ పనికి ముంబయి పెట్టుకోండి. ఊళ్ళోనే ఏదైనా పెద్ద గొడవైతే రెండూ ఒకేసారి పోకూడదు. ఆ మెషీన్‌ను పేరుతో కాకుండా ఐపీ అడ్రస్‌తో పిలవండి, మీ డీఎన్‌ఎస్ పోయినా ఫరవాలేదు.

తర్వాత లాగిన్. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. స్విచ్ మీ పేరు, పాస్‌వర్డ్‌లను ట్యాకాక్స్ సర్వర్‌ని (లాగిన్‌లను ఒకేచోట సరిచూసేది) అడుగుతుంది. ఆ సర్వర్ స్విచ్‌కి అందడం లేదు. కాన్ఫిగ్‌లో ట్యాకాక్స్ తర్వాత 'లోకల్' (స్విచ్‌లోనే దాచిన పాస్‌వర్డ్) అని లేకపోతే కన్సోల్ దాకా వచ్చి కూడా బయటే నిలబడతారు. ఉన్నా సరే, సర్వర్ జవాబే ఇవ్వనప్పుడు మాత్రమే లోకల్‌కి వెళ్తుంది. సర్వర్ బతికి ఉండి "కాదు" అంటే అంతే సంగతులు. ఆ లోకల్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉందంటే, అది నడిచే సర్వర్ ఎక్కడుంది? వీపీఎన్‌కి ఓటీపీ కంపెనీ మెయిల్‌కి వస్తుందా? నెట్‌వర్క్ డయాగ్రమ్ వికీలో ఉందా, ఆ వికీ ఏ ర్యాకులో ఉంది? ఇవన్నీ వింటే నవ్వొస్తుంది గానీ, మీ మెయిల్ కథ విన్నాక నవ్వే ధైర్యం నాకు లేదు. సీల్ వేసిన కవర్లో పాస్‌వర్డ్, ప్రింట్ తీసిన డయాగ్రమ్ మేనేజర్ గారి బీరువాలో ఒకటి, మీ ఇంట్లో ఒకటి ఉంచండి. కవర్ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మార్చేయాలి.

ఇప్పుడు ర్యాకులోకి వద్దాం. స్విచ్ వెనక రెండు ద్వారాలుంటాయి: మేనేజ్‌మెంట్ ఈథర్నెట్ పోర్ట్, కన్సోల్ పోర్ట్. ఏదో ఒకటి చాలు కదా అంటారు. చాలదు. మేనేజ్‌మెంట్ పోర్ట్ వేగంగా ఉంటుంది కానీ స్విచ్ ఓఎస్ పూర్తిగా లేచాకే అది మామూలుగా పనిచేస్తుంది. ఇమేజ్ (స్విచ్ ఓఎస్ ఫైల్) చెడిపోయి రామన్ ప్రాంప్ట్ (ROMMON, ఓఎస్ లేవకముందు వచ్చేది) దగ్గర ఆగిపోయినప్పుడు మాట్లాడేది కన్సోల్ ఒక్కటే. మరి కన్సోల్ అంటే 9600 బాడ్, సెకనుకు 960 అక్షరాలు. కమాండ్లు కొట్టడానికి హాయిగా సరిపోతుంది. కానీ దాని మీదుగా ఎక్స్‌మోడెమ్‌తో (సీరియల్ లైన్ మీద ఫైళ్ళు పంపే పాత పద్ధతి) కొత్త ఇమేజ్ పంపుదామంటే 50 ఎంబీ ఉన్న చిన్న ఇమేజ్‌కే 14 గంటలు దాటుతుంది. అందుకని పనిచేసే ఇమేజ్ ఒకటి యూఎస్‌బీ స్టిక్‌లో వేసి స్విచ్‌కే గుచ్చి ఉంచండి. మేనేజ్‌మెంట్ పోర్టులను మాత్రం కోర్ స్విచ్‌లోనే ఇంకో వీలాన్‌గా కలపకండి. దానికి ఒక చిన్న స్విచ్ విడిగా ఉండాలి. పాతది, ఖాళీగా పడి ఉన్నదైనా ఫరవాలేదు. ఆ పోర్టులను మేనేజ్‌మెంట్ వీఆర్‌ఎఫ్‌లో (విడి రూటింగ్ పట్టికలో) ఉంచి, డీఫాల్ట్ రూట్ విడిగా ఇవ్వండి.

రాస్ప్‌బెర్రీ పై సరిపోతుందా అని అడిగారు. రెండు ర్యాకులకు, నాలుగైదు పరికరాలకు సరిపోతుంది, కొన్ని షరతులతో. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుళ్ళు మంచి చిప్ ఉన్నవి తీసుకోండి, ఎఫ్‌టీడీఐ అయితే గొడవ తక్కువ. అవి పెట్టగానే లినక్స్ వాటికి 0, 1, 2 అని నంబర్లిస్తుంది. రీబూట్ అయితే ఆ నంబర్లు తారుమారు కావచ్చు. కోర్ స్విచ్ అనుకుని ఫైర్‌వాల్‌లో కమాండ్ కొట్టే ప్రమాదం అక్కడుంది. యూడెవ్ రూల్స్‌తో (లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే ఏర్పాటు) ప్రతి కేబుల్ సీరియల్ నంబర్‌కీ స్థిరమైన పేరు కట్టేయండి. కేబుల్ రెండు చివరలా లేబుల్ అంటించండి. కన్‌సర్వర్ లాంటి సాఫ్ట్‌వేర్ వేస్తే, మీరు చూడనప్పుడు కూడా కన్సోల్ మీద వచ్చే ప్రతి వరుసనూ రాసిపెడుతుంది. స్విచ్ కుప్పకూలేటప్పుడు చెప్పే ఆఖరి మాటలు సిస్‌లాగ్ (లాగ్‌లు పోగుచేసే సర్వర్) దాకా చేరవు. కన్సోల్ మీదే వస్తాయి. తర్వాత వెండర్ టాక్ (సాంకేతిక సహాయ కేంద్రం) వాళ్ళు అడిగేది అవే.

రాస్ప్‌బెర్రీ పై విషయంలో జనం పెద్దగా చెప్పుకోని చిక్కు ఒకటుంది. పాత మోడళ్ళలో గడియారానికి బ్యాటరీ ఉండదు. 5వ మోడల్‌లో గడియారం ఉన్నా బ్యాటరీ విడిగా పెట్టాలి. కరెంటు పోయి వస్తే టైమ్ వెనక్కి పోతుంది. టన్నెల్‌కి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడితే, అది ప్రతి హ్యాండ్‌షేక్‌లోనూ (రెండు చివరలూ ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టే పలకరింపు) టైమ్ ముద్ర వేస్తుంది. ఇంతకు ముందు చూసిన టైమ్ కన్నా వెనకది వస్తే అవతలి వైపు పాతదాన్ని ఎవరో మళ్ళీ పంపుతున్నారని లెక్కేసి తోసేస్తుంది. అంటే ర్యాకుకి పవర్ పోయి వచ్చినప్పుడు, సరిగ్గా మీకు ఈ దారి కావలసిన క్షణంలో, టన్నెల్ లేవదు. ఒక బ్యాటరీ పెట్టండి, ఎన్‌టీపీ (గడియారం సరిచేసే సేవ) టన్నెల్ బయట నుంచి నేరుగా అందేలా చూడండి. మెమరీ కార్డులు కూడా లాగ్‌లు రాసీ రాసీ చచ్చిపోతాయి, చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం మేలు. ఇంకా, ర్యాక్ పీడీయూలో (పరికరాలకు కరెంటు పంచే పట్టీలో) ఉండేవి సీ13 సాకెట్లు. ఫోన్ చార్జర్ లాంటి రాస్ప్‌బెర్రీ పై అడాప్టర్ అందులో పట్టదు, మార్చే కార్డ్ కావాలి. అలా వేలాడే అడాప్టర్లను కొన్ని డేటా సెంటర్లలో ఒప్పుకోరు, ముందే అడగండి.

బడ్జెట్ దొరికితే మాత్రం నా ఓటు అసలైన కన్సోల్ సర్వర్‌కే. ఓపెన్‌గేర్, లాంట్రానిక్స్, వెర్టివ్ వాళ్ళ అవోసెంట్, ఇలా చాలా ఉన్నాయి. రెండు పవర్ సప్లైలు, సిమ్ స్లాట్ ఉన్న మోడల్ చూడండి. రాస్ప్‌బెర్రీ పైని మీరు ఉన్నంతకాలం మీరు చూసుకుంటారు. మీరు వేరే కంపెనీకి వెళ్ళాక ఆ స్క్రిప్టుల ముందు కూర్చునే కుర్రాడి గురించి నేను అంటున్నాను. వీలైతే దాంతోపాటే రిమోట్‌గా ఆన్, ఆఫ్ చేయగల పీడీయూ ఒకటి. దాని అవుట్‌లెట్ నంబర్లు, అసలు వైరింగు సరిపోతున్నాయో రెండుసార్లు చూసుకున్నాకే వాడండి. 7వ నంబర్ స్విచ్‌ది అనుకుని స్టోరేజ్‌ని ఆపేస్తే అది ఇంకో ఉత్తరం అవుతుంది.

డాంగిల్ సంగతి. 3జీ డాంగిల్ పక్కన పడేయండి. ఎయిర్‌టెల్ తన 3జీని 2020లోనే ఆపేసింది, జియోకి అసలు 3జీ లేనే లేదు. 4జీ మోడెమ్ తీసుకోండి. డేటా హాల్లో చుట్టూ ఇనుము, కాంక్రీటు. ఫోన్‌కి రెండు గీతలు కనపడ్డాయని నమ్మొద్దు. మోడెమ్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) అంకె చూడండి: -90 డీబీఎం దగ్గర ఉంటే బాగున్నట్టు, -110 కన్నా కిందికి పోతే నమ్మలేం. అప్పుడు యాంటెన్నాను కేజ్ బయటికో, టెర్రస్ మీదికో లాగాలి. దానికి డేటా సెంటర్ వాళ్ళ అనుమతి, ఖర్చు ఉంటాయి. అంత దూరం వచ్చాక సిమ్ మానేసి, వాళ్ళ దగ్గరే తక్కువ వేగం ఇంటర్నెట్ పోర్ట్ ఏదైనా ఇస్తారేమో అడగడం నయం. పక్క ర్యాకు వాళ్ళతో మాట్లాడుకుని "మీ ఇంటర్నెట్‌లో మాకో పోర్ట్, మా దాంట్లో మీకో పోర్ట్" అని ఇచ్చిపుచ్చుకోవడం కూడా నెట్‌వర్క్ వాళ్ళలో ఉన్న అలవాటే. మీ లీజ్డ్ లైన్ ఏ కంపెనీదో సిమ్ ఆ కంపెనీది కాకూడదు. రోజర్స్ పాఠం అదే.

సిమ్‌ను మీ ఆధార్ మీద తీసుకోకండి. కంపెనీ పేరు మీద, పోస్ట్‌పెయిడ్‌గా తీసుకోండి. ప్రీపెయిడ్ అయితే రీచార్జ్ గడువు దాటిన సంగతి ఎవరికీ గుర్తుండదు. యంత్రాల కోసమే ఇచ్చే 13 అంకెల ఎం2ఎం సిమ్‌లు కూడా కంపెనీలకు దొరుకుతాయి. మామూలు సిమ్‌కి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ రాదు, ఆపరేటర్ నాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ అడ్రస్ పంచే ఏర్పాటు) వెనక ఉంటుంది. బయటి నుంచి దానిలోకి పిలవలేం. అందుకే టన్నెల్ ఎప్పుడూ లోపలి నుంచే బయటికి వేయాలి.

సెక్యూరిటీ చూసే ఆయన మాట కొట్టిపారేయకండి. ఆయన భయం సగం నిజం. ఇది పెరటి తలుపు లాంటిదే: ఇంట్లో వాళ్ళకు అవసరం, గడియ వేయకపోతే వీధి వాకిలికన్నా ప్రమాదం, ఎందుకంటే అటువైపు ఎవరూ చూడరు. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2023 జూన్‌లో ప్రభుత్వ శాఖలకు ఒక ఆదేశం ఇచ్చింది. రూటర్లు, స్విచ్‌లతో పాటు సర్వర్ల ఐలో, ఐడ్రాక్ లాంటి మేనేజ్‌మెంట్ పేజీలు ఇంటర్నెట్‌లో బహిరంగంగా కనిపిస్తే 14 రోజుల్లో మూసేయాలని, లేదా వాటి ముందు విడిగా యాక్సెస్ నియంత్రణ పెట్టాలని దాని సారం. సర్వర్లను దూరం నుంచి నడిపే ప్రోటోకాల్ ఐపీఎంఐ 2.0 సంగతి మరీ విడ్డూరం. లాగిన్ పూర్తి కాకముందే పాస్‌వర్డ్ హ్యాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తు) అడిగినవాళ్ళకి ఇచ్చేయడం ఆ ప్రోటోకాల్ రూపంలోనే ఉంది. ప్యాచ్‌తో పోయేది కాదు. అలాంటివాటిని ఇంటర్నెట్ వైపు చూపించకుండా దాచడమే మార్గం.

కాబట్టి ఆయనతో ఇలా ఒప్పందం చేసుకోండి. మోడెమ్ వైపు ఏ పోర్టూ తెరిచి ఉండదు. టన్నెల్ చివర క్లౌడ్ మెషీన్‌లోకి కీ, రెండో ఫ్యాక్టర్ లేకుండా ఎవరూ రారు. ఆ రెండో ఫ్యాక్టర్ ఫోన్ యాప్‌లో ఉంటుంది, మెయిల్‌లో కాదు. మేనేజ్‌మెంట్ స్విచ్‌లో పోర్టులు ఒకదాన్ని ఒకటి చూడకుండా ఐసొలేట్ చేస్తారు. లేకపోతే ఒక సర్వర్ ఐలోలో దూరినవాడు మిగతా అన్నిటి గుమ్మం ముందూ నిలబడతాడు. కన్సోల్ మీద 'ఎగ్జెక్ టైమౌట్ 0 0' (ఖాళీగా ఉన్న సెషన్‌ను ఎప్పటికీ మూయనివ్వని వరుస) అని ఉంటే తీసేస్తారు. ల్యాబ్‌లో బాగుంటుందని పెట్టుకున్న ఆ వరుస కాపీ అయి ప్రొడక్షన్‌లోకి వచ్చేస్తుంది. ఎవరో లాగౌట్ కాకుండా వదిలేసిన సెషన్ నెలల తర్వాత కూడా పూర్తి అధికారం ఉన్న ఎనేబుల్ ప్రాంప్ట్‌తో ఎదురుచూస్తుంటుంది. లాగిన్‌ల లాగ్‌లు బయట భద్రపరుస్తారు. మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాల్సిందే, గడియారాలు ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో సరిపోలాల్సిందే. ఈ దారిని వాటినుంచి మినహాయింపు అనుకోవద్దు. ఎవరు లాగిన్ అయినా ఆయన ఫోన్‌కి అలర్ట్ వెళ్ళేలా పెట్టండి. ఆయన మీ పక్షానికి వచ్చేస్తారు.

మేనేజర్ గారికి మాత్రం బాడ్, వీఆర్‌ఎఫ్ ఇవేవీ చెప్పకండి. ఒక పేజీ చాలు: ఎన్నింటికి తెగింది, క్యాబ్ ఎంతసేపు, గేటు దగ్గర ఎంతసేపు, సరిచేయడానికి ఎంత. మూడు గంటల్లో రెండు నిమిషాలు తీసేస్తే మిగిలినదంతా దేనికి పోయిందో ఆయనకే కనిపిస్తుంది. కింద రెండు కొటేషన్లు పెట్టండి, రాస్ప్‌బెర్రీ పైతో ఒకటి, కన్సోల్ సర్వర్‌తో ఒకటి. దాంతోపాటు ఖర్చు లేని పనులు రెండు అప్పుడే అడిగేయండి: డేటా సెంటర్ అధీకృత జాబితాలో కంపెనీకి బయట ఉన్న మెయిల్ ఐడీ ఒకటి, ఫోన్ చేస్తే గుర్తుపట్టే మాట ఒకటి నమోదు చేయించడం, మీ జూనియర్ పేరు కూడా గేట్ జాబితాలో చేర్చడం.

పెట్టాక డ్రిల్ చేయండి, నెలకోసారి. ఆఫీస్ నెట్ నుంచి కాదు, ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద. మీరు చేయకండి, జూనియర్ చేత చేయించండి. మీరు ఫోన్‌లో కూడా ఏమీ చెప్పకూడదు. కాగితంలో ఉన్నది చూసి ప్రతి పరికరం కన్సోల్ దాకా వెళ్ళి, లోకల్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, బయటికి రావాలి. పెద్ద మార్పు ఏదైనా ఉంటే దానికి ముందు సాయంత్రం కూడా ఒకసారి. మొదటి డ్రిల్‌లో ఏదో ఒకటి పనిచేయదు. అది దొరకడానికే డ్రిల్.

అదే రోజు సిమ్ డేటా వాడకం కూడా రాసిపెట్టుకోండి. 25 సెకన్లకోసారి పోయే వైర్‌గార్డ్ కీప్‌అలైవ్‌లు, హ్యాండ్‌షేక్‌లు కలిపినా నెలకు పాతిక ఎంబీ దాటవు. అంతకన్నా చాలా ఎక్కువ కనిపిస్తే రాస్ప్‌బెర్రీ పై తనంతట తాను అప్‌డేట్లు దించుకుంటోందన్నమాట. వాటిని ఆపి, నెలకోసారి డ్రిల్ అయ్యాక మీరే చేతితో వేయండి.